ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో దూరం సరే, మా సిరోంచ నుంచి లెక్కేయండి

ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు విమానంలో ఎంత దూరం, ఎన్ని గంటలు పడుతుందని అడిగారు. నేరుగా కొలిస్తే సుమారు 12,400 కిలోమీటర్లు, ప్రయాణం 16 గంటలకు అటూ ఇటూ. అయితే కిలోమీటర్లను బట్టి గంటలు లెక్కగట్టేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 2016లో ఎయిర్ ఇండియా ఈ విమానాన్ని అట్లాంటిక్ వైపు నుంచి పసిఫిక్ మీదుగా మళ్లించింది. దారి దాదాపు 1,400 కిలోమీటర్లు పెరిగింది, సమయం మాత్రం సుమారు రెండు గంటలు తగ్గింది! పైన గాలి పడమర నుంచి తూర్పుకు ఉధృతంగా వీస్తుంది, విమానాన్ని వెనక నుంచి తోస్తుంది. మా బావమరిది ఇది ఒప్పుకోడు. భూమి తిరుగుతుంది కదా, గాలిలో ఆగితే అమెరికాయే కిందికి వస్తుందంటాడు. ఆయనతో వాదించడం కన్నా నడిచి వెళ్లడం తేలిక.

ఇక అసలు ప్రయాణం. మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచ. మా రాష్ట్రంలో విమానాశ్రయమంటే నాగపూర్, కానీ మేమంతా శంషాబాద్‌కే పోతాం. అబ్బాయి దగ్గరికి బయలుదేరే ముందురోజు పెట్టెలు తూచడానికి మిర్చి వ్యాపారి కాటా మీద పెట్టాం. అనుమతి 23 కిలోలు, ముల్లు 25 దాటింది. బజారు మధ్యలో పెట్టె తెరిచి మా ఆవిడ ఆవకాయ డబ్బా చేత్తో పట్టుకుని, నా చలికోటు తీసి పక్కన పడేసింది. అక్కడ చలి ఉంటుందంటే, ఆవకాయ దొరకదు కదా అంది. కాటా మీది మిరప ధూళి పెట్టెలకు అంటుకుని, కారులో మంథని దాటేవరకూ అందరం తుమ్ముతూనే ఉన్నాం.

ఒకప్పుడు గోదావరి దాటాలంటే పడవే దిక్కు. ఇప్పుడు కాళేశ్వరం దగ్గర వంతెన ఉంది, బతికాం. కానీ అవతల ఒడ్డు నుంచి ఇసుక లారీల వెనకాలే పాకుతూ పోవాలి, హారన్ కొట్టినా పక్కకు జరగవు. ఎంత బాగా వెళ్లినా శంషాబాద్‌కు ఆరేడు గంటలు. అక్కడినుంచి ఢిల్లీకి రెండు గంటలపైన, ఢిల్లీలో పడిగాపులు వేరే. ఇన్ని తిప్పలు పడి తెల్లవారుజామున ఢిల్లీలో ఎక్కితే, అక్కడి గడియారం మనకన్నా వెనక కాబట్టి, అమెరికాలో అదే తేదీ ఉదయం దిగుతారు. చూసినవాళ్లు రెండు మూడు గంటల్లో వచ్చేశాడనుకుంటారు! తిరుగు ప్రయాణంలో పసిఫిక్ మీదుగా వస్తే అదే గాలి ఎదురొస్తుంది, ఇంకాస్త ఎక్కువసేపు కూర్చోవాలి.

హైదరాబాద్–ఢిల్లీ, ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో టికెట్లు విడివిడిగా కొనకండి. నాలుగు రాళ్లు మిగులుతాయి కానీ మొదటి విమానం ఆలస్యమైతే రెండోది మీకోసం ఆగదు, మళ్లీ కొనుక్కోవాల్సిందే. ఇంతకీ మీరు ఏ ఊరి నుంచి బయలుదేరుతున్నారో రాయలేదు. అది చెప్పండి, గంటలు నేను చెబుతాను.