అభిశంసన, అవిశ్వాసం

అమ్మాయీ,

బైడెన్ హయాంలో అమెరికా అంతర్గత భద్రతా మంత్రిగా ఉన్న మయోర్కస్ మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి వాక్యమే తప్పు. ‘సరిహద్దును గాలికొదిలేసిన మంత్రి మయోర్కస్‌ను అభిశంసించి ఇంటికి పంపారు’ అన్నావు. అభిశంసించారు, నిజమే. ఇంటికి మాత్రం పంపలేదు. 1998లో క్లింటన్ విషయంలో నేనూ ఇలాగే శీర్షిక పెట్టి, మర్నాడు సవరణ వేసుకున్నాను. కాబట్టి కోప్పడే అర్హత నాకు లేదు.

చిక్కెక్కడంటే, మన పాఠకుడికి మంత్రులు పడిపోవడం అంటే అవిశ్వాస తీర్మానమే. సభకు నమ్మకం పోతే చాలు, నేరం అక్కర్లేదు. అమెరికాలో ఆ దారి లేదు. మంత్రిని అధ్యక్షుడైనా తీసెయ్యాలి, లేదా ప్రతినిధుల సభ అభియోగం మోపాక (అభిశంసన అంటే ఇంతే) సెనేట్‌లో మూడింట రెండొంతుల మంది దోషి అనాలి. 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసేటప్పుడు జార్జ్ మేసన్ అనే ప్రతినిధి ‘దుష్పరిపాలన’ను కూడా అభిశంసనకు కారణంగా చేర్చుదామన్నాడు. అంత వదులు మాట పెడితే సెనేట్ దయ ఉన్నన్నాళ్లే పదవి అని మరో ప్రతినిధి మాడిసన్ అడ్డుపడ్డాడు. 2024లో మయోర్కస్ మీద జరిగిన గొడవంతా ఆ పాత గొడవే. నీ వ్యాసంలో మాడిసన్ ఊసే లేదు.

‘డెమొక్రాట్లు తమవాణ్ని వెనకేసుకొచ్చారు’ అని తేల్చేశావు. మరి ముగ్గురు రిపబ్లికన్ల మాటేమిటి? వలసవచ్చినవాళ్లను నిర్బంధించమని చట్టం చెబితే మంత్రి వదిలేశాడన్నది వాళ్ల పార్టీ ఆరోపణ. కెన్ బక్, మైక్ గాలగర్, టామ్ మెక్‌క్లింటాక్‌లకూ ఆ విధానం గిట్టదు. అయినా అది అభిశంసించదగ్గ నేరం కాదని ఎదురు ఓటేశారు. అసలు కథ అక్కడుంది.

ఫిబ్రవరి 6 రాత్రి చూడు. పొట్ట ఆపరేషన్ చేయించుకున్న డెమొక్రాట్ సభ్యుడు ఆల్ గ్రీన్‌ను ఆసుపత్రి బట్టల్లోనే చక్రాల కుర్చీలో సభలోకి తీసుకొచ్చారు. ఆ ఓటుతో 215–215. గాలగర్ చుట్టూ సొంత పార్టీవాళ్లు మూగి బతిమాలారు. కదల్లేదు. మళ్లీ ఓటింగ్ కోరే వీలుండాలని ఇంకో రిపబ్లికన్ కావాలనే తన ఓటును వ్యతిరేకంగా మార్చుకోగా 214–216తో వీగిపోయింది. వారానికి, 13న, 214–213తో నెగ్గింది. ఒక్క ఓటు! ఏప్రిల్ 17న సెనేట్ విచారణకే పోకుండా రెండు అభియోగాలూ రాజ్యాంగవిరుద్ధమని 51–48, 51–49తో కొట్టేసింది.

1876 నాటి యుద్ధమంత్రి బెల్‌నాప్ తర్వాత అభిశంసనకు గురైన కేబినెట్ మంత్రి ఇతనేనని నువ్వు రాసింది సరే. కానీ బెల్‌నాప్ మీద ఉన్నది డబ్బు తిన్నాడన్న ఆరోపణ. ఆ తేడా చెప్పకపోతే ఆ సంవత్సరం ఉత్త అంకె.

చివరి పేరాలో మనవాళ్ల హెచ్1బి గోడు తీసెయ్యి. ఆ అర్జీలు చూసే సంస్థకు 2009 నుంచి 2013 దాకా ఈ మయోర్కసే డైరెక్టర్ అన్న ముక్క ఉంచు, చాలు.

గాలగర్ దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాయి. ఆదివారంలోపు పంపు, సోమవారం నాకు కంటి ఆపరేషన్.

— మాస్టారు