పాలకంటే ముందు వెచ్చదనం: కళ్లు పూర్తిగా తెరవని పిల్లికూనను సాకడంలో నా అనుభవం

ఉప్పల్‌లో మీ ఇంటి పక్కన కడుతున్న భవనం ఇటుకల మధ్య నిన్న సాయంత్రం దొరికిన పిల్లికూనకు కళ్లు సగమే తెరుచుకున్నాయనీ, తల్లి రాత్రంతా రాలేదనీ, ఇంకు ఫిల్లరుతో ఆవుపాలు పోస్తే ముక్కులోంచి బయటికి వచ్చాయనీ రాశారు. రోజుకు ఎన్నిసార్లు, ఎంత పాలు పట్టాలని అడిగారు. ఆ లెక్క తప్పకుండా చెబుతాను. అయితే ముందు ఒక పని చేయండి. చేతులు కడుక్కుని, మీ చిటికెన వేలి కొనను కూన నోట్లో పెట్టి చూడండి. లోపల చల్లగా తగిలినా, చెవులూ పాదాలూ చల్లగా ఉన్నా, ఇప్పుడు దానికి ఒక్క చుక్క పాలు కూడా పట్టకండి. ముందు ఒంటికి వెచ్చదనం తీసుకురావాలి.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నా చేతుల్లోనే పోయిన ఒక కూన. 2021 నవంబరులో, విజయవాడలో ముసురు పట్టిన రోజుల్లో, మా అపార్టుమెంటు నీళ్ల మోటారు గదిలో వారం వయసున్న రెండు కూనలు కనిపించాయి. ఒక పగలూ ఒక రాత్రీ కాచుకున్నా తల్లి రాలేదు. ఇంటికి తెచ్చీ తేగానే, పాపం ఆకలితో ఉన్నాయన్న ఆదుర్దాలో, గేదెపాలు గోరువెచ్చగా చేసి, పసిబిడ్డకు పట్టినట్టు ఒడిలో వెల్లకిలా పడుకోబెట్టి, ఫిల్లరుతో పట్టాను. చిన్నది తెల్లవారుజామున పోయింది. మిగిలిన దానిని తీసుకుని గన్నవరంలోని పశువైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లినప్పుడు అక్కడి డాక్టరుగారు నన్ను తప్పుపట్టకుండా, జరిగినది వివరించి చెప్పారు. ఈ వయసు కూన తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. ఒళ్లు చల్లబడినప్పుడు పేగుల కదలిక మందగించి, కడుపులో పడిన పాలు అరగక అక్కడే ఉండిపోతాయి. మింగే శక్తి కూడా తగ్గుతుంది కనుక, వెల్లకిలా పట్టిన పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆకలి తీరుస్తున్నానని నేను అనుకున్న పనే దాని ప్రాణం తీసింది. ఆ రోజు నాకు తెలియని సంగతులు మీకు ఈ రోజే తెలియాలని ఇంత వివరంగా రాస్తున్నాను.

వెచ్చబరచడం నిదానంగా, గంట నుంచి రెండు గంటల వ్యవధిలో జరగాలి. వేడినీళ్ల సంచి ఉంటే సరి, లేకపోతే ఒక ప్లాస్టిక్ సీసాలో చేతికి ఓర్చుకోగలిగినంత వేడినీళ్లు పోసి మూత గట్టిగా బిగించి, పాత నూలు చీర ముక్కను రెండు మూడు మడతలుగా దానికి చుట్టండి. అట్టపెట్టెలో ఒక పక్కన మాత్రమే దానిని ఉంచి, రెండో పక్క ఖాళీగా వదలండి. వేడి ఎక్కువైనప్పుడు కూన పాకుతూ పక్కకు జరగడానికి చోటుండాలి, ఎందుకంటే చలి ఎంత ప్రమాదమో అతి వేడి కూడా అంతే ప్రమాదం. రెండు మూడు గంటలకొకసారి నీళ్లు మార్చాలి. కరెంటు పోయినా ఈ పద్ధతికి ఆటంకం ఉండదు. జుట్టు ఆరబెట్టే యంత్రం, పక్కనే వేలాడదీసిన బల్బు, పొయ్యి సెగ వంటివి వద్దు. మీ కూన తడిసి ఉంటే పొడి తువ్వాలుతో మెల్లగా తుడవండి. స్నానం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయించకండి. మీ చొక్కా లోపల ఒంటికి ఆనించి పట్టుకోవడం కూడా మంచి మార్గమే. మా అత్తగారు ఆ మొదటి రాత్రి మిగిలిన కూనను చీర కొంగులో చుట్టి గుండెకు ఆనించుకునే కూర్చున్నారు. డిజిటల్ థర్మామీటరు ఉంటే కొసకు కొద్దిగా వాజిలీను రాసి మలద్వారంలో చూడవచ్చు. 35 డిగ్రీల సెల్సియస్‌కు తక్కువగా ఉన్నంతసేపూ పాల మాట తలపెట్టకూడదు. కూన బాగా నీరసించి తల వాల్చేస్తుంటే, ఒళ్లు వెచ్చబడే లోపల, గ్లూకోజు పొడి కలిపిన నీటిని వేలితో అద్ది చిగుళ్లకు రాయండి. నోట్లో పోయవద్దు, రాయడమే. ఆ స్థితిలో ఇంట్లో ఎక్కువసేపు ఆగకుండా డాక్టరు దగ్గరికి బయలుదేరడం మేలు.

తల్లి విషయం కూడా ఇప్పుడే చెప్పాలి. పిల్లి తన కూనలను ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. చోటు నచ్చకపోతే అది కూనలను ఒక్కొక్కటిగా నోట కరుచుకుని మారుస్తుంది. మీకు దొరికినది చివరగా మిగిలిన కూన అయి ఉండవచ్చు, మనుషుల అలికిడికి భయపడి తల్లి దగ్గరికి రాలేకపోయి ఉండవచ్చు. మనిషి చేయి తగిలిన కూనను తల్లి వదిలేస్తుందన్న మాటలో నిజం లేదు. కూన వెచ్చబడి కాస్త తేరుకున్నాక, అదే పెట్టెలో, అదే వేడి సీసాతో, ఇటుకల దగ్గర కుక్కలకు అందని చోట సాయంత్రం వేళ రెండు మూడు గంటలు ఉంచి, దూరం నుంచి కనిపెట్టి చూడండి. తల్లి వచ్చి తీసుకుపోతే అంతకంటే మంచి పెంపకం మన ఎవరి వల్లా కాదు. అది రాకపోతే ఇక మీరే తల్లి.

ఇక పాలు. ఆవుపాలు, గేదెపాలు, ప్యాకెట్ పాలు, మన పసిపిల్లల పాలపొడి, ఇవేవీ పిల్లికూనకు సరిపడవు. పిల్లి పాలలో మాంసకృత్తులు ఆవుపాలలో కంటే రెట్టింపునకు మించి ఉంటాయి. ఆవుపాలలోని చక్కెర కూనకు సరిగా అరగక విరేచనాలు పట్టుకుంటాయి, అరచేతిలో ఇమిడే ప్రాణికి ఒక్క రోజు విరేచనాలు చాలు ఒంట్లోని నీరంతా పోవడానికి. పెంపుడు జంతువుల దుకాణాలలో పిల్లికూనల కోసమే తయారుచేసిన పాలపొడి దొరుకుతుంది. కె.ఎం.ఆర్., రాయల్ కానిన్ వారి బేబీక్యాట్ మిల్క్ అలాంటివే. కుక్కపిల్లల పాలపొడి ఇస్తే తీసుకోకండి. డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే కలపండి, బలం వస్తుందని చిక్కగా కలపకండి. పొడి చేతికందే వరకు ఒక పూట గడవడానికి కాచి చల్లార్చిన మేకపాలు వాడుకోవచ్చు కానీ, వాటితోనే పెంచుదామని అనుకోకండి.

మీరు అడిగిన లెక్క ఇది. ఒక్కో విడతకు, కూన బరువు 100 గ్రాములైతే 4 మిల్లీలీటర్ల చొప్పున ఇవ్వండి. కళ్లు సగం తెరుచుకున్నాయంటే దాని వయసు ఎనిమిది నుంచి పన్నెండు రోజుల మధ్య ఉంటుంది. దాని బరువు 160 గ్రాములనుకుంటే ఒక విడతకు ఆరు ఆరున్నర మిల్లీలీటర్లు. ఈ వారమంతా పగలూ రాత్రీ మూడు గంటలకొకసారి పట్టాలి. మూడో వారంలో నాలుగు గంటలకొకసారి చాలు. ఒకేసారి ఎక్కువ పట్టేసి రాత్రి నిద్రపోదామనుకుంటే కుదరదు, దాని కడుపులో అంత చోటు లేదు. మా ఇంట్లో రాత్రి పదకొండు వరకు నేను, తెల్లవారుజామున రెండు, అయిదు గంటలకు మా అత్తగారు అని వంతులు వేసుకున్నాం. ఒక్కరే చేయడం నిజంగా కష్టం. మీ ఇంట్లో సాయం అడగడానికి మొహమాటపడకండి.

పట్టే తీరు మీద అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టండి. తల్లి దగ్గర పాలు తాగేటప్పుడు కూన బోర్లా, నాలుగు కాళ్లూ నేలకు ఆనించి, తల కాస్త పైకెత్తి ఉంటుంది. మీరు కూడా తువ్వాలు మీద సరిగ్గా అలాగే ఉంచాలి. చిన్న పాలపీక ఉన్న సీసా దొరికితే మంచిది. పీకకు పెట్టే రంధ్రం, సీసాను తలకిందులు చేసినప్పుడు పాలు బొట్టు బొట్టుగా రాలేంత మాత్రమే ఉండాలి. ధారగా కారితే ఆ పీకను పారేయండి. సీసా లేకపోతే మందుల దుకాణంలో దొరికే ఒక మిల్లీలీటరు సిరంజిని సూది తీసేసి వాడండి. పెదవి పక్కనుంచి ఒక్కో చుక్క వదులుతూ, అది చప్పరించి మింగాకే తర్వాతి చుక్క ఇవ్వాలి. ఇంకు ఫిల్లరునూ, కొందరు వాడమని చెప్పే ఉగ్గుగిన్నెనూ పక్కన పెట్టండి. వాటిలో పాలు ఎంత వేగంగా పడుతున్నాయో మన అదుపులో ఉండదు, మీ కూన ముక్కులోంచి పాలు వచ్చింది బహుశా అందుకే. మళ్లీ అలా వస్తే వెంటనే ఆపి, తలను కిందికి వంచి తుడవండి. ఆ తర్వాత అది దగ్గుతున్నా, ఊపిరి తీసేటప్పుడు గురగుర వినిపిస్తున్నా, నోరు తెరిచి గాలి పీలుస్తున్నా అది ఊపిరితిత్తులకు పాలు పోయిన గుర్తు. అప్పుడు ఇంటి వైద్యం పనికిరాదు. ప్రతిసారీ చుక్క పాలు మణికట్టు మీద వేసుకుని, మన ఒంటి వేడి కంటే ఒక పిసరు ఎక్కువగా తగిలేలా చూసుకోండి. తాగాక భుజానికి ఆనించి వీపు మీద మెల్లగా తడితే చిన్న త్రేనుపు వస్తుంది.

చాలామందికి తెలియని సంగతి, నాకూ గన్నవరంలోనే తెలిసింది, ఈ వయసు కూన తనంతట తాను మూత్రం పోయలేదు. తల్లి నాలుకతో నాకితేనే దానికి మూత్రమూ మలమూ కదులుతాయి. మూడు నాలుగు వారాలు వచ్చే వరకు ప్రతి విడత పాల తర్వాతా గోరువెచ్చని నీటిలో తడిపి పిండిన దూదితో పొట్ట కింది భాగాన్ని, మలమూత్ర ద్వారాలను తల్లి నాకినంత మృదువుగా రాయాలి. అర నిమిషంలోనో నిమిషంలోనో దూది తడుస్తుంది. మొదటిసారి ఆ తడి చూసినప్పుడు మా ఇంట్లో అందరికీ ప్రాణం లేచి వచ్చింది. మూత్రం దాదాపు రంగు లేకుండా ఉంటే ఒంట్లో నీరు సరిపడా ఉన్నట్టు. ముదురు పసుపు రంగులో ఉంటే పాలు చాలడం లేదని అర్థం. మలం ఆవపిండి ముద్దలా ఉండాలి. నీళ్లలా పోతుంటే, లేదా రెండు రోజులు అసలు రాకపోతే డాక్టరుకు చూపించండి.

వంటింటి తూకపు యంత్రాన్ని ఒకటి కొనండి లేదా అడిగి తెచ్చుకోండి, గ్రాముల్లో చూపించేది. ప్రతి రోజూ ఒకే వేళకు, పాలు పట్టకముందు తూచి, ఒక కాగితం మీద రాసుకోండి. ఆరోగ్యంగా ఉన్న కూన రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరుగుతుంది. ఒక రోజు పెరగకపోతే పాల కొలత, వేడి సీసా సరిచూసుకోవాలి. బరువు తగ్గితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఈ పట్టుదల వల్లే మా కూన బతికిందని నా నమ్మకం. అయిదో రోజున అది ఎప్పటిలాగే తాగుతూ, ఎప్పటిలాగే అరుస్తూ ఉండగా, కాగితం మీద మాత్రం ఆరు గ్రాములు తగ్గింది. పైకి ఏమీ కనిపించలేదు. తీసుకెళ్లి చూపిస్తే నీరు తగ్గిందని చర్మం కింద సెలైన్ ఎక్కించారు.

ఇంటి చిట్కాల విషయంలో పెద్దల మాట వినడం మనకు అలవాటే గానీ, పిల్లి శరీరం మన శరీరం లాంటిది కాదు. మా ఇంట్లో సాంబ్రాణి పొగ వేద్దామన్నారు, జలుబుకు కర్పూరం కలిపిన కొబ్బరి నూనె రాద్దామన్నారు. నేను చేతులు జోడించి రెండూ ఆపాను. పొగ ఆ చిన్న ఊపిరితిత్తులకు హాని, కర్పూరం పిల్లులకు విషం. పారాసిటమాల్ మాత్రలో చిన్న ముక్క కూడా పిల్లి ప్రాణం తీయగలదు. కూన ఉన్న గదిని ఫినాయిల్‌తో తుడవకండి. ఒంటి మీద గెంతే పేలు కనిపిస్తే ఇంట్లో ఉండే పేల దువ్వెనతో దువ్వి సబ్బునీళ్లలో ముంచండి. కుక్కలకు వేసే పేల మందులలో ఉండే పెర్మెత్రిన్ పిల్లులను చంపుతుంది. పేలు ఎక్కువగా ఉండి చిగుళ్లు తెల్లగా పాలిపోతే ఒంట్లో రక్తం తగ్గిందని తెలుసుకుని ఆలస్యం చేయకండి. ఇంకొకటి, తల్లి కరుచుకునేది మెడ వెనకనే కదా అని మీరు అక్కడ పట్టుకుని ఎత్తవద్దు. మార్జాల కిశోర న్యాయంలో, అంటే కూనను తల్లిపిల్లే నోట కరుచుకుని మోస్తుందన్న పోలికలో, భారమంతా తల్లిదే, కానీ ఆ పట్టు తల్లి నోటికే తెలుసు. మనం రెండు చేతులా కింది నుంచి ఎత్తుకోవాలి.

మీ గురించి కూడా ఒక మాట. కూన గీరినా కొరికినా, గాయం ఎంత చిన్నదైనా, సబ్బుతో ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకా కోసం ఆసుపత్రికి వెళ్లండి.

ఈ రెండు వారాలూ గడిస్తే పని తేలికవుతుంది. నాలుగో వారంలో పళ్లు కనిపించాక, అదే పాలతో మెత్తగా కలిపిన కూన ఆహారాన్ని పళ్లెంలో పెట్టి నాకనివ్వండి. పక్కనే వెడల్పాటి పళ్లెంలో మట్టో, గడ్డకట్టని ఇసుకో పోసి ఉంచితే రెండు మూడు రోజుల్లో అదే నేర్చుకుంటుంది. నులిపురుగుల మందు ఎప్పుడు, ఎంత వేయాలో బరువు చూసి డాక్టరే చెప్పాలి. మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య, రేబిస్ టీకా మూడు నెలలకు వేయిస్తారు.

మీరు హైదరాబాదులోనే ఉన్నారు కనుక, ముక్కులోంచి పాలు వచ్చిన కూన ఊపిరి ఎలా ఉందో ఒకసారి నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాలలో చూపించమని నా సలహా. దారిలో పెట్టెలో వేడి సీసా మరచిపోకండి. ఈలోగా దాని నోరు వెచ్చబడిందో లేదో, తూకం ఎన్ని గ్రాములు వచ్చిందో ఇక్కడే రాయండి, పాల లెక్క ఆ బరువుకు సరిచేసి చెబుతాను. రాత్రి రెండు గంటలకు రాసినా చూస్తాను.