మీరడిగారు: మంచులోంచి లేచిన నాజీ జాంబీలు

పోయిన నెల ఈ శీర్షికలో 'డెడ్ స్నో' అనే నార్వే సినిమా చూడమని ఒక మాట రాశాను. 2009లో వచ్చింది, దర్శకుడు టామీ విర్కోలా, నిడివి గంటన్నర. ఈస్టర్ సెలవులకని మంచుకొండల్లో ఓ చెక్క ఇంటికి వెళ్లిన మెడికల్ స్టూడెంట్స్ మీద, రెండో ప్రపంచ యుద్ధంలో ఆ కొండల్లోనే గడ్డకట్టి చచ్చిన నాజీ సైనికులు లేచి వచ్చి పడతారు. కథ అంతే. చూసినవాళ్లలో కొందరు పండగ చేసుకున్నారు, కొందరు నా మీద గట్టిగానే కోప్పడ్డారు. అందుకే ఈసారి మొత్తం ఆ ఉత్తరాలకే ఇస్తున్నాను.

"మీ మాట నమ్మి ఇంటిల్లిపాదీ నిద్రపోయాక కూర్చుని చూశాను సార్. మొదటి అరగంట ఏమీ జరగదు. కుర్రాళ్లు బీరు తాగుతారు, మంచులో దొర్లుతారు. ఆ తర్వాత జరిగేదంతా ఎక్కడో చూసినట్టే ఉంది. దీనికి ఇంత పేరెందుకొచ్చింది?" — ఏలూరు పాఠకుడు

మొదటి అరగంట విషయంలో మీతో వాదించను. ఆ మంచు ఆటలు సగానికి తగ్గించినా సినిమాకి వచ్చే నష్టం లేదు, ఆ బృందంలో ఇద్దరు ముగ్గురు తప్ప మిగతావాళ్ల పేర్లు కూడా సినిమా అయ్యేసరికి గుర్తుండవు. సినిమా వచ్చినప్పుడు చాలామంది విమర్శకులు అన్నదీ ఇదే. రివ్యూలన్నీ పోగేసి లెక్కగట్టే రాటెన్ టొమాటోస్‌లో చూస్తే సుమారు మూడింట రెండు వంతుల మంది బాగుందన్నారు, మిగిలినవాళ్లు పాత హారర్ సినిమాల ముక్కలు ఏరి మంచులో పేర్చాడని కొట్టిపారేశారు.

అయితే దర్శకుడు ఆ అప్పును దాచిపెట్టలేదు కదండీ. కొండకి వెళ్లే దారిలో కార్లోనే, ఫోన్ సిగ్నల్ లేని ఇంటికి స్నేహితులు వెళ్లడంతో మొదలయ్యే సినిమాలు ఎన్ని ఉన్నాయో వాళ్లే చెప్పుకుంటారు. ఎర్లెండ్ అనే సినిమా పిచ్చోడు వేసుకున్న టీషర్ట్ మీద 1992 నాటి న్యూజిలాండ్ జాంబీ కామెడీ 'బ్రెయిన్‌డెడ్' పేరుంటుంది. వాడి చావు కూడా ఆ పేరుకి తగ్గట్టే రాశారు, చెప్పను, చూసినవాళ్లకి అర్థమవుతుంది. నాజీ జాంబీలు కూడా కొత్తేం కాదు, 1977లోనే 'షాక్ వేవ్స్' అని సముద్రంలోంచి లేచే నాజీలతో ఓ అమెరికన్ సినిమా ఉంది. కాబట్టి కొత్తదనం కోసం కథలో వెతికితే దొరకదు. అది ఆ నేలలో ఉంది, దాని గురించి కింద ఇంకో జవాబులో రాశాను, కాస్త ఓపిక చేసుకుని చదవండి.

ఇంకో సంగతి. 2009 జనవరిలో ఈ సినిమాని అమెరికాలో సన్‌డాన్స్ ఫెస్టివల్‌లో అర్ధరాత్రి ఆటల విభాగంలో వేశారు. హాలు నిండా హారర్ అభిమానులు, ఒకడు అరిస్తే పదిమంది నవ్వే వాతావరణం. ఈ సినిమా పుట్టిందే అలాంటి హాలు కోసం. అర్ధరాత్రి ఒంటరిగా, చిన్న స్క్రీన్ మీద, ఇంట్లోవాళ్లు లేస్తారేమోనని సౌండ్ తగ్గించుకుని చూస్తే సగం పోతుంది. నలుగురు స్నేహితుల్ని పిలిచి ఇంకోసారి వేయండి. అప్పుడూ నచ్చకపోతే మళ్లీ రాయండి, అచ్చు వేస్తాను.

"అన్నా, బడ్జెట్ ఎంత? నేనూ మా ఫ్రెండ్సూ ఒక చిన్న హారర్ సినిమా తీద్దామని తిరుగుతున్నాం. ఈ సినిమా చూస్తే చాలా పెద్దదిగా కనిపించింది." — వరంగల్ నుంచి ఓ విద్యార్థి

సుమారు 8 లక్షల డాలర్లు తమ్ముడూ. అప్పటి మారకం ప్రకారం మూడు నాలుగు కోట్ల రూపాయలు. నార్వేలో కూలి రేట్లూ హోటల్ ఖర్చులూ ఎలా ఉంటాయో తెలిసినవాళ్లకి అది ఎంత తక్కువో అర్థమవుతుంది.

పెద్దదిగా ఎందుకు కనిపించిందో చెప్తాను. విర్కోలా ఆల్టా అనే ఊళ్లో పుట్టాడు. ధ్రువానికి దగ్గరగా, దేశానికి ఉత్తరపు కొసన ఉంటుంది. సినిమా తీసింది ఆ చుట్టుపక్కలే. అంటే తెల్లటి కొండ, లోయ, నీలం ఆకాశం, వీటికి అతను పైసా ఖర్చు పెట్టలేదు. హారర్ అంటే చీకటి అనుకుంటాం. ఇందులో అసలు నరుకుడంతా పట్టపగలు, కళ్లు చెదిరే వెలుగులో జరుగుతుంది. తెల్లటి నేల మీద బూడిదరంగు యూనిఫామ్, దాని మీద ఎర్రటి రక్తం. ఈ మూడు రంగులు చాలు, ఏ సెట్టూ అక్కర్లేదు. చివర్లో ఖాళీగా కనిపిస్తున్న మంచు మైదానంలో దళపతి హెర్జోగ్ ఒక్క కేక పెట్టగానే మంచు పగిలి చేతులూ తలలూ పైకి లేస్తాయే, అక్కడ పెట్టాడు డబ్బు, మేకప్ మీద, రక్తం మీద, మనుషుల మీద. ఊరికే కంప్యూటర్‌తో నింపేసి ఉంటే అంత బరువు వచ్చేది కాదు.

రెండోది, మనుషులు. రాయ్ పాత్ర వేసిన స్టిగ్ ఫ్రోడే హెన్రిక్సెన్ ఈ సినిమాకి సహ రచయిత. వీళ్లిద్దరూ కలిసి అంతకుముందు 2007లో 'కిల్ బుల్యో' అనే పేరడీ తీశారు, ఇంకా తక్కువ డబ్బుతో, అదే ఉత్తర నార్వేలో. అంటే ఒకరి పద్ధతి ఒకరికి తెలిసిన జట్టు. మీకూ మీ ఊరి చుట్టూ ఏ కొండో, ఏ చెరువో, ఏ పాత మిల్లో ఉండే ఉంటుంది. కెమెరా అద్దెకి ముందు అక్కడికెళ్లి ఏ గంటకి వెలుగు ఎలా పడుతుందో చూసి రండి. కథ ఆ చోటుని బట్టి రాసుకోండి. ఆల్ ది బెస్ట్.

"ఆ ముసలాయన వచ్చి కాఫీ తాగుతూ చెప్పే కథ నిజమేనా? నిజంగా అక్కడ నాజీలు ఉన్నారా?" — తెనాలి పాఠకురాలు

మంచి ప్రశ్న అడిగారమ్మా, నాకు ఈ సినిమాలో అన్నిటికంటే ఇష్టమైన సీన్ అదే.

ముందు సీన్ గుర్తు చేస్తాను, చూడనివాళ్ల కోసం. రాత్రి, బయట మంచుగాలి, కుర్రాళ్లు ఆటపాటల్లో ఉంటే తలుపు చప్పుడవుతుంది. ఎవరో పెద్దాయన, వీపున మూట. కాఫీ ఇస్తే తాగి బాగోలేదని మొహం చిట్లిస్తాడు. తర్వాత మెల్లగా మొదలుపెడతాడు: హెర్జోగ్ అనే అధికారి దళం ఈ ఊళ్లను మూడేళ్లు పీడించింది, ఓడిపోతున్నామని తెలిశాక ఇంటింటికీ వెళ్లి బంగారం, వెండి దోచుకుంది, ఇక చాలని జనం తిరగబడితే మిగిలిన సైనికులు ఈ కొండల్లోకి పారిపోయి చలికి పోయారు. గొంతు పెంచడు, భయపెట్టే మ్యూజిక్ కూడా పెద్దగా ఉండదు. కుర్రాళ్ల మొహాల్లో నవ్వు ఎక్కడ ఆగిపోతుందో చూడండి. ఆ పాత్ర వేసింది బ్యోర్న్ సుండ్‌క్విస్ట్, నార్వేలో పేరున్న పెద్ద నటుడు.

హెర్జోగ్, అతని దళం కల్పితం. దాని వెనకున్న చరిత్ర మాత్రం నూటికి నూరుపాళ్లూ నిజం. 1940 ఏప్రిల్‌లో జర్మనీ నార్వేని ఆక్రమించింది. 1944 అక్టోబర్‌లో సోవియట్ సైన్యం తూర్పు నుంచి తోసుకొస్తుంటే, వెనక్కి తగ్గుతున్న జర్మన్లు ఉత్తరాన ఫిన్‌మార్క్ ప్రాంతాన్ని, దాని పక్కనున్న కొంత భాగాన్ని, శత్రువుకి తలదాచుకునే చోటు కూడా మిగలకూడదని ఊళ్లకి ఊళ్లు తగలబెట్టారు. ఇళ్లు, బడులు, పడవలు, కరెంటు స్తంభాలు, ఏదీ వదల్లేదు. సుమారు 50,000 మందిని బలవంతంగా దక్షిణానికి తరిమారు, వేలమంది వెళ్లడానికి ఒప్పుకోక గుహల్లో, మట్టి గుడిసెల్లో ఆ చలికాలం గడిపారు. హామర్‌ఫెస్ట్ అనే పట్టణంలో శ్మశానం దగ్గరి ప్రార్థనా మందిరం ఒక్కటే నిలబడింది. ఆల్టా కూడా కాలిపోయిన ఊళ్లలో ఒకటి. దర్శకుడిది ఆల్టా అని పైన చెప్పాను కదా, ఇక కాఫీ తాగుతూ ఈ కథ చెప్పిన సుండ్‌క్విస్ట్ యుద్ధం ముగిసిన మూడేళ్లకి, 1948లో, హామర్‌ఫెస్ట్‌లోనే పుట్టాడు. ఆ సీన్‌కి అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో నాకైతే ఇంకో వివరణ అక్కర్లేదు.

విదేశీ రివ్యూల్లో కొందరు నాజీలైనా ఎవరైనా ఒకటే, యూనిఫామ్ కోసం పెట్టారంతే అని రాశారు. నేను ఒప్పుకోను. అమెరికాలో తీసి ఉంటే ఆ మాట నిజమే అయ్యేది. తాతలు చలిలో దాక్కున్న కొండల మీదే మనవళ్లు సెలవులకొచ్చి స్నో స్కూటర్ నడుపుతుంటే, కింద మంచులో పాత శత్రువు పడుకుని ఉన్నాడన్న ఊహ ఆ నేల మీద పుట్టినవాడికే వస్తుంది. సినిమా దాన్ని ఉపన్యాసంగా చెప్పదు, నవ్విస్తూ నరుకుతూ పోతుంది, అందుకే చాలామంది కంట పడలేదు.

"జాంబీ కరిస్తే జాంబీ అయిపోవాలి కదా? ఇందులో ఎవరూ అవ్వరేంటి? లాజిక్ మర్చిపోయారా?" — గుంటూరు పాఠకుడు

మర్చిపోలేదండీ, ఇవి ఆ జాతివి కావు. స్కాండినేవియా పాత కథల్లో 'డ్రాగర్' అని ఉంటుంది. చచ్చినవాడు తన నిధికి తనే కాపలా కాస్తూ సమాధిలో కూర్చుంటాడు, ముట్టుకున్నవాడి అంతు చూస్తాడు. మన లంకెబిందెల కథల్లో కాపలా భూతం లాంటిదన్నమాట. ఉత్తర నార్వే తీరంలోని జాలర్ల కథల్లో ఇదే సముద్రంలో మునిగిపోయినవాడి ప్రేతమై, సగం విరిగిన పడవ నడుపుకుంటూ తుఫాను రాత్రుల్లో కనిపిస్తుంది. సినిమాలో ఇంటి నేల కింద దొరికే ఆ బంగారం పెట్టె అందుకే. హెర్జోగ్ దండు మెదడు తినడానికి రావడం లేదు, సొమ్ము కోసం వస్తోంది. అందుకే పరిగెడతాయి, అందుకే ఆజ్ఞ వింటాయి.

దీంతోనే సినిమాలో అన్నిటికంటే పెద్ద నవ్వు పుట్టించాడు. మార్టిన్‌కి రక్తం చూస్తేనే కళ్లు తిరుగుతాయి, చదివేదేమో డాక్టరీ. చేతి మీద కరుస్తుంది. తనూ సినిమాలు చూసినవాడే కాబట్టి మనలాగే అనుకుంటాడు, విషం ఎక్కేలోపు చెయ్యి తీసేయాలని. చైన్‌సా స్టార్ట్ చేసి, అరుస్తూ, తన చెయ్యి తనే కోసేసుకుంటాడు. అంత పనీ అయ్యి ఊపిరి పీల్చుకోగానే మంచులోంచి ఇంకొకటి లేచి నడుం కింద, కోసి పారేయడానికి వీల్లేని చోట పట్టుకుంటుంది. ఆ క్షణంలో మార్టిన్ పాత్ర వేసిన వేగర్ హోల్ మొహం చూడండి. భయమూ నవ్వూ ఒకే షాట్‌లో కలిసి రావడం ఎంత కష్టమో తీసేవాళ్లని అడగండి.

"మా పిల్లలతో చూడొచ్చా? చిన్నది ఏడో తరగతి." — హైదరాబాద్ పాఠకురాలు

వద్దమ్మా. పేగులు పట్టుకుని కొండ అంచున వేలాడే సీన్ ఉంది. పెద్దవాళ్లలోనే కొందరు భోంచేసి చూడలేరు.

"మన 'జాంబీ రెడ్డి' కంటే గొప్పదా ఇది?" — కర్నూలు పాఠకుడు

కర్నూలు నుంచి అడిగారంటే పౌరుషం అర్థమైంది. పోటీ పెట్టను గానీ ఒక పోలిక మాత్రం నిజం. 2021లో ప్రశాంత్ వర్మ తేజ సజ్జాతో ఆ సినిమా తీసినప్పుడు జాంబీలను తెచ్చి సిటీలో దింపలేదు, కర్నూలు ఫ్యాక్షన్ మధ్యలో దింపాడు. కత్తులు ఇంట్లో ముందే ఉన్నాయి, నరకడం వచ్చినవాళ్లు ముందే ఉన్నారు. జనం విజిల్స్ వేసింది అందుకే. విర్కోలా చేసిందీ అదే పని, తన ఊరి మంచుతో, తన ఊరి చరిత్రతో. నవ్వుల్లో మనది ఎక్కువ, రక్తంలో వాళ్లది ఎక్కువ.

"ఇంగ్లీష్ డబ్బింగ్ చూడాలా, నార్వే భాషలోనా? రెండో భాగం ఉందంటున్నారు, అదెలా ఉంది?" — డల్లాస్ నుంచి ఒక తెలుగు పాఠకుడు

నార్వే భాషలోనే, సబ్‌టైటిల్స్ పెట్టుకుని. డబ్బింగ్‌లో ఆ పెద్దాయన గొంతు పోతే కాఫీ సీన్ చచ్చిపోతుంది. సౌండ్ తగ్గించకండి, మొదట్లో ఒకమ్మాయి రాత్రిపూట మంచులో పరిగెత్తే సీన్‌కి వినిపించేది ఎడ్వర్డ్ గ్రీగ్ స్వరపరిచిన 'ఇన్ ది హాల్ ఆఫ్ ది మౌంటెన్ కింగ్'. ఇబ్సెన్ నాటకంలో కొండ భూతాలు కుర్రాణ్ని తరిమే ఘట్టం కోసం చేసిన సంగీతం అది, నార్వే వాళ్లకి ఆ తరుముడు చెవిలోనే తెలిసిపోతుంది.

సన్‌డాన్స్ తర్వాత అమెరికా థియేటర్లలో ఇది పెద్దగా ఆడలేదు గానీ హాలీవుడ్ దర్శకుణ్ని పిలిచింది, 2013లో 'హాన్సెల్ అండ్ గ్రెటెల్: విచ్ హంటర్స్' తీశాడు. మరుసటి ఏడాదే మళ్లీ ఇంటి కథకి తిరిగొచ్చి 'డెడ్ స్నో 2' చేశాడు, షూటింగ్ చాలావరకు ఐస్‌లాండ్‌లో. డబ్బు ఎక్కువ, నవ్వు ఎక్కువ, ఆసుపత్రిలో మార్టిన్‌కి పొరపాటున హెర్జోగ్ చెయ్యి అతికించేస్తారు, ఇక చూస్కోండి. హెర్జోగ్ ఈసారి తాల్విక్ అనే ఊరిని నేలమట్టం చేయమన్న పాత ఆజ్ఞ పూర్తి చేయడానికి బయలుదేరతాడు. తాల్విక్ నిజంగా ఉంది, ఆల్టా పక్కనే. చాలామంది అభిమానులు రెండోదే బాగుందంటారు. నాకు మొదటిదే ఇష్టం, అందులో మంచు అంటే భయం వేస్తుంది, రెండోదాంట్లో వేయదు. చూస్తే మాత్రం రెండూ వరసగా చూడండి, ఎందుకంటే రెండోది మొదటిది ఆగిన కార్లోంచే మొదలవుతుంది.