లెక్క తర్వాత, ముందు చోటు

చిరంజీవికి ఆశీస్సులు.

గొంతు క్యాన్సర్‌లో రోగనిరోధక కణాల మీద థీసిస్ తీసుకున్నావని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందని రాశావు. నేను పప్పులో కాలేసిన చోటు నుంచే మొదలుపెడతాను.

చదువుకునే రోజుల్లో ఒక టాన్సిల్ క్యాన్సర్ స్లైడులో సీడీ8 కణాలు (క్యాన్సర్ కణాల్ని చంపే టీ కణాలు, ఒక రకం లింఫోసైట్లు) కుప్పలుగా కనిపిస్తే సంబరపడిపోయాను. మా మేడమ్ ఒకసారి మైక్రోస్కోపులో చూసి, "ఇవి కణితి మీదికి వచ్చినవా, ముందునుంచీ అక్కడే కాపురం ఉన్నవా?" అన్నారు. టాన్సిల్ అంటేనే లింఫోసైట్ల ఇల్లు కదమ్మా! అందుకని కణితి గూళ్ళలోకి చొరబడ్డవాటిని, గూళ్ళ మధ్య ఆధార కణజాలంలో (స్ట్రోమా) ఆగిపోయినవాటిని విడివిడిగా రాసుకో. టాన్సిల్ సొంత కణాల్ని వదిలెయ్. స్వరపేటికలో ఈ గొడవ తక్కువే గానీ, పుండు పడ్డ పైభాగంలో ఇన్‌ఫెక్షన్ కోసం చేరిన కణాలే ఎక్కువ. అక్కడ లెక్కపెట్టకు. కణితి చచ్చి కుళ్ళిన చోటా అంతే.

సీడీ8 కణాలు కణితిలోకి బాగా చొరబడితే సాధారణంగా మంచి సూచన. సీడీ163 అనే గుర్తు ఉన్న మాక్రోఫేజ్‌లు (మింగేసే రోగనిరోధక కణాలు) ఎక్కువైతే చాలావరకు చెడ్డ సూచన. సీడీ68 స్టెయిన్ ఒక్కటే వేస్తే అవి మాక్రోఫేజ్‌లని తెలుస్తుంది తప్ప ఎటు పక్షమో తెలియదు. ఇక ఫాక్స్‌పీ3 దగ్గర జాగ్రత్త. ఆ గుర్తు ఉన్నవి రోగనిరోధక శక్తిని అణిచే టీ కణాలు కాబట్టి అవి ఎక్కువుంటే రోగికి నష్టమే అనుకుంటాం. కానీ తల, మెడ క్యాన్సర్ల అధ్యయనాలు చాలావాటిలో అవి ఎక్కువున్నవాళ్ళే మెరుగ్గా ఉన్నారు. నీకూ అలాగే వస్తే స్టెయిన్ చెడిందనుకుని పారెయ్యకు.

అన్నిటికంటే ముందు పీ16 స్టెయిన్ చెయ్యి, కణితి హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) వల్ల వచ్చిందా అన్నదానికి అదే సూచన. టాన్సిల్, నాలుక వెనక భాగపు క్యాన్సర్లలో దాన్ని పాజిటివ్ అనాలంటే కనీసం 70 శాతం కణితి కణాలకు, కేంద్రకంలోనూ చుట్టూ ఉన్న సైటోప్లాజంలోనూ గట్టిగా రంగు పట్టాలి. హెచ్‌పీవీ వల్ల వచ్చిన కణితుల్లో టీ కణాలూ ఎక్కువ, చికిత్సకు స్పందనా ఎక్కువ. రెండు రకాల్నీ కలిపేశావంటే వైరస్ తేడా కాస్తా సీడీ8 ఖాతాలో పడిపోతుంది. ఇలా కలగాపులగం చేసిన థీసిస్‌లు నా చేతికి చాలానే వచ్చాయి.

పీడీ-ఎల్1 (టీ కణాల్ని ఆపే ప్రొటీన్) స్కోరు సంగతి వేరు. దాన్ని ముఖ్యంగా మందు ఎంచుకోవడానికి చూస్తారు, కణితి దూకుడు కొలవడానికి కాదు. 2019లో అమెరికాలో తిరగబెట్టిన లేదా పాకిన తల, మెడ క్యాన్సర్‌కు మొదటి చికిత్సగా పెంబ్రోలిజుమాబ్‌ను (ఆ అడ్డు తీసేసే మందు) ఒంటరిగా ఇవ్వడానికి అనుమతి వచ్చింది కూడా సీపీఎస్ అనే ఆ పీడీ-ఎల్1 స్కోరు 1, ఆపైన ఉన్నవాళ్ళకే. స్లైడులో కనీసం 100 బతికున్న కణితి కణాలు లేకపోతే స్కోరు వెయ్యకు. న్యూట్రోఫిల్స్‌నీ ప్లాస్మా కణాల్నీ అందులో కలపకు.

రోగి ఏమయ్యాడో తెలిశాక లెక్కపెట్టకు, కన్ను మొహమాటపడుతుంది. మొదటి పది స్లైడ్లు లెక్కపెట్టి, వారం ఆగి అవే మళ్ళీ లెక్కపెట్టు. పాత అంకెలు చూడొద్దు సుమా. రెండు లెక్కలూ పక్కపక్కన రాసి నాకు పంపు, తేడా ఎక్కడొచ్చిందో కూర్చుని చూద్దాం.