నార్న్‌ల మేనరికం ఆపాలనుకుంటున్నాను, ఇది చదువుకు పనికొస్తుందా?

ప్రశ్న: ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతున్నాను. ‘క్రీచర్స్’ అనే పాత కంప్యూటర్ ఆటలో నార్న్ అనే జీవులను పెంచుతుంటాను. ఒకే తల్లి పిల్లలు జతకట్టకుండా, ఆడవి ఆలస్యంగా ఈడుకొచ్చేలా ఒక జన్యువు మార్చాను. మూడో తరానికల్లా ఆ మార్పు పోతోంది. నాన్నగారు ఇదంతా కాలక్షేపం అంటున్నారు. జన్యుశాస్త్రంలో నాకు దారి ఉందా?

జవాబు: ముందు నార్న్‌ల సంగతి తేలుద్దాం. 1996లో స్టీవ్ గ్రాండ్ బృందం తయారుచేసిన ఈ జీవులకు మనలా జంట క్రోమోజోములు లేవు, ఒంటి పోగే. పిల్ల ఒక్కో జన్యువును తల్లి నుంచో తండ్రి నుంచో తీసుకుంటుంది. మీరు ఒక్క ఆడదానిలోనే మార్పు చేసి మామూలు మగదానితో కలిపి ఉంటే, దాదాపు సగం పిల్లలకు అది అందదు. మాయమైందని ఆశ్చర్యపోవడం ఎందుకు! మగదానిలోనూ మార్చండి. ఆడవాటికి సంబంధించిన జన్యువును అది మోస్తుంది, బయటపెట్టదు, అంతే. అప్పటికీ నిలవకపోతే ఆ జన్యువు ముందుండే శీర్షం (హెడర్) చూడండి. అది రాలిపోవచ్చా, రెట్టింపు కావచ్చా, మారిపోవచ్చా అన్న అనుమతులు అక్కడే ఉంటాయి. ఒక్కో అనుమతినే ఆపి చూడండి. మూడూ ఒకేసారి ఆపితే తప్పు ఎక్కడుందో మీకే తెలియదు.

ఇంకో చిక్కు ఉంది, అది జన్యువులు దిద్దితే తీరదు. ఏడెనిమిది జీవులతో మొదలైన లోకంలో నాలుగు తరాలు గడిస్తే అందరూ చుట్టాలే. బయటి సంబంధమే లేని ఊళ్లో మేనరికం వద్దంటే ఎలా? కొత్త జీవులను తెచ్చి కలపాల్సిందే. పైగా ఒంటి పోగులో లోపం దాక్కోదు. పశువుల్లో, మనుషుల్లో దాక్కుంటుంది. ఇద్దరి వైపు నుంచీ అదే లోపం వచ్చినప్పుడు బయటపడుతుంది. ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వికుడి నుంచి వచ్చే అవకాశం ఎంతో 1922లో అమెరికా జన్యుశాస్త్రవేత్త సీవాల్ రైట్ అంకెల్లో పెట్టారు: మేనబావ, మేనమరదళ్ల బిడ్డకు 1/16, మేనమామ, మేనకోడళ్ల బిడ్డకు 1/8, తోబుట్టువుల సంతానానికి 1/4.

ఈ లెక్క వేయడమే ఉద్యోగమైనవాళ్లు ఉన్నారు. జంతుప్రదర్శనశాలలు ఏ జంతువు ఎవరి సంతానమో వంశావళి పుస్తకాల్లో రాసుకుంటాయి. హైదరాబాద్ జూలో అక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ తోడ్పాటుతో మూషిక జింకలను పెంచి అడవిలో వదిలారు. రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన సంస్థ ఉంది. దారి పొడవైనదే: అయిదున్నరేళ్ల పశువైద్య డిగ్రీ, ఆపై పశు జన్యుశాస్త్రం, ప్రజననంలో పీజీ. తిరుపతిలోనూ హైదరాబాద్‌లోనూ పశువైద్య విశ్వవిద్యాలయాలు ఉన్నాయి.

మీకున్న అసలు ఇబ్బంది ఆట కాదు, బైపీసీలో లెక్కలు లేకపోవడం. ఈ రంగంలో సగం పని సంఖ్యాశాస్త్రమే. ఈ వేసవిలోనే సంభావ్యత మొదలుపెట్టండి. పశువైద్యంలో సీటు రాకపోతే జన్యుశాస్త్రంలో బీఎస్సీ చేయవచ్చు. కానీ బోర్డు మీద బయోటెక్నాలజీ అని ఉందని చేరిపోకండి. కాలేజీకి వెళ్లి సంఖ్యాశాస్త్రం ఎవరు చెబుతారో అడగండి. ‘చూద్దాంలెండి’ అన్నారంటే వెనక్కి వచ్చేయండి.

నాన్నగారికి ఆట చూపించకండి. ప్రతి నార్న్‌కూ ఒక నంబరు, తల్లి, తండ్రి, వాటి చుట్టరికపు లెక్క రాస్తూ అయిదు తరాల పట్టిక తయారుచేసి, అది చూపించండి.