ఓడ దిగి గోల్ఫ్ కార్ట్‌లో

ప్రశ్న: మయామీ నుంచి క్రూజ్‌లో వెళ్తున్నాం. టర్క్స్ అండ్ కైకోస్‌లోని గ్రాండ్ టర్క్ దీవిలో ఓడ ఆరు గంటలు ఆగుతుందట. గోల్ఫ్ కార్ట్ అద్దెకు తీసుకుంటే నలుగురం దీవి చూసి రావచ్చా?

జవాబు: నిక్షేపంగా. దీవి పొడవు సుమారు 11 కిలోమీటర్లే. రేవు దక్షిణాన, 1852 నాటి లైట్‌హౌస్ ఉత్తర కొసన, మధ్యలో కోబర్న్ టౌన్ (Cockburn Town) అనే ఊరు. ముందు లైట్‌హౌస్‌కు వెళ్లి, ఊరు తిరుగు దారిలో చూడండి.

అసలు చిక్కు వేరు. అక్కడ మన దేశంలోలాగే ఎడమ పక్కన నడపాలి. అమెరికా అలవాటు మలుపుల్లో కుడికి లాగేస్తుంది. పక్క సీటువాళ్లు గుర్తుచేస్తూ ఉండాలి. గాడిదలు రోడ్డు మీదే తిరుగుతాయి, హారన్‌కు కదలవు!

ఒరిజినల్ లైసెన్సు తీసుకెళ్లండి. తాళం అందుకోకముందే గీతలు, సొట్టలు, టైర్లు వీడియో తీయండి. బ్రేకు, పెట్రోలు లేదా ఛార్జింగ్ చూడండి. ఓడ గడియారం ప్రకారం, ఓడ బయల్దేరడానికి గంటన్నర ముందే బండి అప్పగించండి.