తాళం ఇవ్వనా, వద్దా?

ప్రశ్న: మాది పాలకొల్లు. నా స్ప్లెండర్ అమ్మకానికి పెట్టాను. నరసాపురం నుంచి ఒకాయన వస్తానన్నారు, నడిపి చూశాకే బేరం అంటున్నారు. ముక్కూమొహం తెలీని మనిషికి బండి ఇవ్వొచ్చా?

జవాబు: ఇవ్వండి. నడపకుండా పాత బండి కొనేవాడు మా షెడ్డు ఛాయలకైతే రాలేదండి. కాకపోతే తాళం కంటే ముందు ఆయన లైసెన్సు మీ చేతికి రావాలి. ఫోన్లో ఫొటో తీసుకోండి, మొహమాటం వద్దు. లైసెన్సు లేనివాడికి బండిస్తే మోటారు వాహనాల చట్టం 180వ సెక్షన్ కింద యజమానికే 5,000 రూపాయల జరిమానా, 3 నెలల దాకా జైలు కూడా పడొచ్చు. ఇన్సూరెన్సు నడుస్తోందో లేదో అదీ చూసుకోండి.

"నా బండి ఇక్కడే ఉంచుతాగా" అంటాడు. అది ఎవరిదో మీకేం తెలుసు? "మా తమ్ముడు కూర్చుంటాడు" అంటే ఇంకా అనుమానం. ఆ తమ్ముడు బస్టాండులో టీ ఇప్పించి తెచ్చుకున్న కుర్రాడైనా కావచ్చు. మీరే వెనకాల ఎక్కండి. ఇద్దరి బరువుతో క్లచ్ జారుతోందా, వెనక షాకులు కొట్టుకుంటున్నాయా ఆయనకీ తెలుస్తుంది. ఒంటరిగానే వెళ్తానంటే ధర మొత్తం మీ చేతిలో పెట్టి వెళ్లమనండి. ఆర్సీ మాత్రం బండితో పంపకండి.

కాలవగట్టు మీదకి వద్దు. రొయ్యల వ్యాను ఎదురైతే తప్పుకోడానికి నీళ్లే గతి.

అన్నట్టు, ఆయనొచ్చేలోపు ఇంజను వేడి చేసి పెట్టకండి. చల్లటి బండి ఎలా స్టార్టవుతుందో చూడ్డం కొనేవాడి హక్కు. బేరం కుదిరితే, బండి కొన్నవాడి పేరుకి మార్చే ఫారం 29, 30 సంతకాలతో సరిపెట్టుకోక, 14 రోజుల్లోగా ఆర్టీవోకి మీరూ తెలియజేయాలండి.